డ్రిల్ మాస్టారికి వీడ్కోలు

శరదృతువు మొదలయ్యాక, అట్లాంటా పక్కన మా అల్ఫారెట్టాలో శనివారం పొద్దున ఒక రకం వెలుతురు వస్తుంది. పలచగా, తేనె రంగులో, ఏ తొందరా లేకుండా వంటింటి కిటికీలోంచి దిగి గట్టు మీద పరుచుకుంటుంది. ఆ వెలుతురులో నిలబడితే నాకెంత వయసొచ్చిందో కాసేపు గుర్తుండదు. చేతిలో కాఫీ చల్లారిపోతుంది. దూరంగా ఎక్కడో బ్యాండు వాయిస్తున్నారనిపిస్తుంది. మా వీధిలో బ్యాండెక్కడిది, ఎదురింటాయన గడ్డి కోసే మిషన్ తప్ప!

కాకినాడ నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన మొదటి ఏడాది, పక్క రాష్ట్రంలో ఉన్న ఓ చిన్న ఊళ్ళో, ఇలాంటి వెలుతురులోనే మొదటిసారి మా యూనివర్సిటీ స్టేడియంలో అడుగు పెట్టాను. ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే ఆట అనుకుని వెళ్ళాను. బంతిని చంకలో పెట్టుకుని పరిగెడుతుంటే ఎవరూ ఏమీ అనరేంటని పక్కనున్న తెలుగు అబ్బాయిని అడిగాను. అతను నవ్వకుండా, చేతిలో ఉన్న పల్లీలను బెంచీ మీద రెండు వరసలుగా పేర్చి ఆట మొత్తం వివరించాడు. నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. తర్వాత అతన్నే పెళ్ళి చేసుకున్నాను, అయినా కొన్ని రూల్స్ ఇప్పటికీ ఎక్కలేదు.

ఆట ఎక్కకపోయినా ఆ జనం నాకు వెంటనే అర్థమయ్యారు. చిన్నప్పుడు మా ఊళ్ళో సువార్త సభల పందిరి కింద జనమంతా ఒక్కసారి లేచి పాడితే కింద నేల అదిరేది. ఇక్కడా అలాగే అదిరింది. ఆట అయిపోయాక మా జట్టు కోచ్ మైదానానికి అడ్డంగా నడుచుకుంటూ స్టూడెంట్లు కూర్చునే వైపు వచ్చేవారు. తల మీది టోపీ తీసి, ఒకసారి పైకెత్తి చూపించి వెళ్ళిపోయేవారు. గెలిచినా అంతే, ఓడినా అంతే. అన్ని వేలమందిలో ఆ టోపీ నాకోసమే తీశారని నా గట్టి నమ్మకం. ఆ ఊళ్ళో నన్ను పలకరించే పెద్దవాళ్ళెవరూ లేరు మరి. వారానికోసారి ఆయన పలకరించేవారు, అంతే.

అప్పట్లో 'ఆయన' అనేవాళ్ళం. వెళ్ళిపోయాక 'వాడు' అయ్యాడు.

ఎలా వెళ్ళాడో చెబితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. అప్పటికి మేం ఉద్యోగాలతో అల్ఫారెట్టా వచ్చేశాం గాని, మనసంతా అక్కడే ఉండేది. శీతాకాలం మొదట్లో ఒక రోజు టీవీలో, నా ఎముకలు కూడా ఈ ఊళ్ళోనే పాతిపెట్టండి అన్నాడు. మరుసటి వారానికి, మా యూనివర్సిటీకి తాతల కాలం నుంచీ పడని ఇంకో యూనివర్సిటీ టోపీ పెట్టుకుని ఫొటోకి నవ్వుతున్నాడు. జట్టులో పిల్లలకి కూడా ఫోన్లు చూసుకుంటేనే తెలిసింది. ఆ ఊళ్ళో మంగలిషాపు గోడ మీంచి అతని ఫొటో దించేశారు. అతని పేరు పెట్టుకున్న కుక్కకి ఒకావిడ పేరు మార్చింది. పాపం ఆ కుక్క కొత్త పేరుకి చాలాకాలం పలకలేదట.

సరిగ్గా ఆ శీతాకాలంలోనే మా మరిది కూడా వెళ్ళిపోయాడు.

మా ఆయనకి ఒక్కడే తమ్ముడు. అన్న చదివిన చోటే చదివాడు. అన్న రిఫర్ చేస్తే అదే ఆఫీసులో చేరాడు. మా ఇంట్లోనే మేడమీద గదిలో ఉండేవాడు. శనివారాలు ముగ్గురం సోఫాలో ఒకే దుప్పటి కప్పుకుని మ్యాచ్ చూసేవాళ్ళం. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో మంచి ఆఫర్ వచ్చిందని, చేరడానికి గడువు లేదని, మేం ఆఫీసులో ఉండగా కారు సర్దుకుని వెళ్ళిపోయాడు. దారిలో ఎక్కడో ఆగి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాడు. ఎదురుపడి చెబితే అన్నయ్య ఆపేస్తాడని భయం. ఆపేసేవాడే, అది నిజం. మా ఆయన ఆ మెసేజ్ చదివి ఫోను బోర్లా పెట్టి, నన్ను టీవీ పెట్టమన్నాడు. టీవీలో కోచ్ వార్తే వస్తోంది. ఆ సాయంత్రం మా ఆయన కోచ్‌ని తిట్టిన తిట్లు నేను ఎక్కడా వినలేదు.

ఇక అప్పటి నుంచి మా ఇంట్లో తమ్ముడి పేరు వినపడదు, కోచ్‌ని తిట్టని శనివారం ఉండదు. ఇందులో గూఢం ఏమీ లేదు. నాకు తెలుసు, హాస్టల్లో ఉండే మా అమ్మాయికి తెలుసు, చర్చిలో సగం మందికి తెలుసు. మా ఆయన ఒక్కడికే తెలియదు, లేదా తెలియనట్టు ఉంటాడు.

మా అత్తగారు కొన్నాళ్ళు మా దగ్గర, కొన్నాళ్ళు ఇర్వింగ్‌లో ఉంటారు. ఒక కొడుకు కబుర్లు ఇంకో కొడుక్కి మోసేది ఆవిడే. మా మామగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన పోయి చాలాకాలమైంది గాని ఆవిడకి లోకమంతా ఇంకా స్కూలులాగే కనిపిస్తుంది. అందుకే ఆవిడ ఒక పొరపాటు పడ్డారు. కాలేజీ, కోచ్, ఆటలు అని వినీ వినీ, మేం తిట్టేది మా కాలేజీ డ్రిల్ మాస్టారినని అనుకున్నారు. మా ఆయనకి ఆయన స్వయంగా ఆటలు నేర్పాడనీ, తర్వాత ట్రాన్స్‌ఫర్ అయి వెళ్ళాడనీ ఆవిడ లెక్క.

"డ్రిల్ మాస్టారికి ట్రాన్స్‌ఫరైతే ఇన్నేళ్ళు ఏడుస్తార్రా? అక్షరం ముక్క నేర్పినవాణ్ణి అలా తిట్టకూడదు నాన్నా" అనేవారు. మా ఆయన మొదట్లో సరిదిద్దబోయి విసుగొచ్చి ఊరుకున్నాడు.

పోయిన శరదృతువులో రెండు కబుర్లు ఒకేసారి వచ్చాయి. ఒకటి, ఆ కోచ్ తన కొత్త జట్టుని తీసుకుని మా స్టేడియానికి వస్తున్నాడు, వెళ్ళిపోయాక మొదటిసారి. రెండు, ఆ మర్నాడే ఇర్వింగ్ చర్చిలో మా మరిది కూతురి ప్రతిష్ఠ.

ప్రతిష్ఠ అంటే పసిబిడ్డని చర్చిలో దేవునికి అప్పగించి దీవించడం. మా అత్తగారి వాళ్ళింట్లో దానికో ఆనవాయితీ ఉంది. బిడ్డ ముద్దుపేరు ఇంటి మగవాళ్ళలో పెద్దవాడు పెట్టాలి. ఆ పేరు ముందుగా ఎవరికీ చెప్పకూడదు, కన్న తల్లిదండ్రులకి కూడా. పాస్టరు గారు బిడ్డని ఎత్తుకుని ఏం పేరని అడిగినప్పుడు, సంఘమంతా వినేలా ఆ పెద్దవాడే మొదట పిలవాలి. మా అమ్మాయికి మామగారు పిలిచారు. ఇప్పుడు ఆ పని మా ఆయనది. ఆసుపత్రి కాగితాల్లో ఆ పిల్లకి ఏదో పేరు ఉంది గాని, ఇంట్లో ఇంకా 'పాప' అనే పిలుస్తున్నారు. పెదనాన్న వస్తేగాని పేరు పెట్టబోమని మా మరిది తల్లితో చెప్పాడట. తమ్ముడి పెళ్ళికీ మా ఆయన వెళ్ళలేదు, ఈసారి కూడా వెళ్ళకపోతే అన్నదమ్ముల మధ్య ఇక తలుపు మూసేసినట్టేనని మా అత్తగారి భయం. నా భయమూ అదే.

"అన్నయ్యా వస్తావా అని వాడు నన్ను అడిగాడా?" అన్నాడు మా ఆయన.

"అడిగితే వస్తావా?" అన్నాను.

"శనివారం గేమ్ ఉంది. టికెట్లు బుక్ చేశాను."

"ప్రతిష్ఠ ఆదివారం. నీకూ ఫ్లైట్ బుక్ చేశాను" అన్నాను. క్యాన్సిల్ చేసెయ్ అన్నాడు. నేను చెయ్యలేదు, చేశానని చెప్పనూ లేదు.

ఆటకి ముందు రోజు శుక్రవారం మా ఇంట్లో గృహకూడిక, అంటే చర్చివాళ్ళంతా చేరి చేసే ప్రార్థన. గుమ్మంలో చెప్పుల కుప్ప, హాల్లో దుప్పట్లు, వంటింట్లో బిర్యాని ట్రేలు. పాటలయ్యాయి, బైబిలు వాక్యమయ్యింది, కానీ మగవాళ్ళ మనసంతా రేపటి మీదే. మా యూనివర్సిటీలోనే చదివి, మా చర్చిలో కీబోర్డు వాయించే ఒకాయన, రేపు వాడు మైదానంలోకి రాగానే గేలి చేస్తూ ఎలా 'బూ' అని అరవాలో పొద్దుట్నుంచి ప్రాక్టీసు చేస్తున్నాడు. ముగింపు ప్రార్థన మా అత్తగారిని చెయ్యమన్నారు. ఆవిడ కొంగు తలమీద కప్పుకుని కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, వీళ్ళకి ఆటలు నేర్పిన ఆ డ్రిల్ మాస్టార్ని ఎక్కడున్నా చల్లగా చూడు. పిల్లలకి చెప్పకుండా వెళ్ళాల్సినంత కష్టం ఏమొచ్చిందో నీకే తెలుసు. రేపు ఆయన పాత స్కూలుకి వస్తున్నాడు తండ్రీ. వీళ్ళ మనసుల్లో కోపం తీసెయ్యి."

"ఆమేన్" అన్నారందరూ, అలవాటుగా, గట్టిగా. ఆ తర్వాత కళ్ళు తెరిచి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ మాటకి ఆమేన్ అన్నారో అప్పుడు తెలిసొచ్చింది.

"ఆంటీ గారూ, ఆయన డ్రిల్ మాస్టారు కాదండీ" అన్నాడు కీబోర్డాయన, ఏడుపు గొంతుతో. "గవర్నర్ కంటే పెద్ద మనిషి."

"మరీ మంచిది బాబూ. అంత పెద్దవాడికి మనం ప్రార్థన చేస్తే తప్పేంటి?"

నేను వంటింట్లోకి పారిపోయి నవ్వాను. అందరూ వెళ్ళాక గిన్నెలు తుడుస్తూ ఆవిడ నాతో మెల్లగా అన్నారు.

"మీ మామగారికి ఎన్ని ట్రాన్స్‌ఫర్లు అయ్యాయో అమ్మాయ్. ప్రతి ఊళ్ళోనూ సెండాఫ్ పార్టీ ఇచ్చేవారు. దండ వేసేవారు, ఒక గోడ గడియారం చేతిలో పెట్టేవారు, పిల్లలు బస్సు దాకా ఏడుస్తూ వచ్చేవాళ్ళు. ఒక్క ఊళ్ళో మాత్రం ఆర్డరు హఠాత్తుగా వస్తే చెప్పకుండానే వచ్చేశాం. ఆ ఊరి పిల్లలు తర్వాత ఎదురుపడినా మాట్లాడలేదు. సెండాఫ్ ఇవ్వకపోతే మనిషి వెళ్ళిపోయినట్టు ఉండదమ్మా. గుమ్మంలో నిలబడినట్టే ఉంటాడు."

ఆవిడ చూపు మేడమెట్ల వైపు పోయింది. పైన ఆ గదిలో మా మరిది వదిలేసిన దుప్పటి ఇంకా మడత విప్పకుండా ఉంది. ఇంత చిన్న మాట ఇన్నేళ్ళలో మాకెవరికీ తట్టలేదు.

శనివారం తెల్లవారగానే బయల్దేరాం. డ్రిల్ మాస్టార్ని చూడాల్సిందేనని మా అత్తగారు కూడా వచ్చారు, చీర మీద మా జట్టు రంగు స్వెట్టర్ వేసుకుని. హైవే మీద మంచు ఇంకా విడలేదు. రాష్ట్రం దాటగానే ఫోన్లలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది. ఆ గంట ఎవరో మాకు ఊరికే ఇచ్చినట్టుంటుంది నాకెప్పుడూ. మంచులోంచి పైన్ చెట్లు ఒక్కొక్కటే వచ్చి పక్కన నిలబడి వెనక్కి పోతుంటే, నేను పెళ్ళి కాకముందుకి, ఉద్యోగానికి ముందుకి, పల్లీల వరస దగ్గరికి వెళ్ళిపోతున్నాననుకున్నాను. వెనక సీట్లో అత్తగారు సన్నగా పాట కూనిరాగం తీస్తున్నారు.

పార్కింగ్ లాట్ అంతా పొగ. కార్ల వెనక డిక్కీలు తెరిచి, పొయ్యిలు పెట్టి, పొద్దున్నే మాంసాలు కాలుస్తున్నారు. మేం కూడా కోడివేపుడు, గారెలు తెచ్చాం. పక్క కారు తాతగారు ఒకాయన గారె తింటూ, ఆ కోచ్ వెళ్ళిన రోజు మా ఆవిడకి ఆపరేషన్, రెండిట్లో దేనికి ఏడ్చానో చెప్పలేను అన్నాడు. నేను తెలుగులో చెబితే మా అత్తగారు ఆయన చేతిలో ఇంకో గారె పెట్టారు.

స్టేడియంలోకి పారదర్శకంగా ఉండే సంచీలే రానిస్తారు. మా అత్తగారి సంచీలో బైబిలు, కళ్ళజోడు, తెల్ల చేతిరుమాలు అందరికీ కనిపిస్తున్నాయి. మా సీట్లు బాగా పైన. అక్కడికి ఎక్కేసరికి మంచు తేలిపోయి ఆ తేనె వెలుతురు గిన్నె నిండా పోసినట్టు కింద నిండి ఉంది. బ్యాండు మొదలైంది. ఈసారి నిజంగానే.

అప్పుడా కోచ్, జట్లు మైదానంలోకి వచ్చే సొరంగంలాంటి దారిలోంచి బయటికి వచ్చాడు.

అంత పెద్ద చప్పుడు నేను మళ్ళీ వింటానని అనుకోను. బూ అనేది మాట కాదు, కాని అన్ని వేల గొంతుల్లోంచి వస్తే మేఘం ఉరిమినట్టు కడుపులోకి దిగుతుంది. ముందు రాత్రి ఆమేన్ అన్నవాళ్ళంతా మా వరసలోనే ఉన్నారు. కీబోర్డాయన మా అత్తగారి వైపు ఒకసారి భయంగా చూసి, తట్టుకోలేక, లేచి అరిచేశాడు. నేనూ అరిచాను. ఎందుకు అబద్ధం, హాయిగా ఉంది. కింద అతను పొట్టిగా, ముసలిగా, కొంచెం కుంటుతూ నడుస్తున్నాడు. తల ఎత్తలేదు. టోపీ తియ్యలేదు.

మా ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని అరుస్తున్నాడు. బూ కాదు. ఆ హోరులో ఏమంటున్నాడో వినడానికి నేను పక్కకి జరగాల్సొచ్చింది.

"ఒక్క మాట చెప్పి వెళ్ళొచ్చుగా! నేను ఆపేవాణ్ణారా? ఆపినా వెళ్ళొచ్చుగా! చెప్పి వెళ్ళొచ్చుగా!"

తెలుగులో అరుస్తున్నాడు. ఆ కోచ్‌కి తెలుగు రాదు.

కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవడం లేదు. చుట్టుపక్కలవాళ్ళు అదేదో బాగా పెద్ద తిట్టనుకుని భుజం తట్టారు. నాకు ఏడుపు ఆగలేదు. మా అత్తగారు మాత్రం లేచి నిలబడి, సంచీలోంచి తెల్ల చేతిరుమాలు తీసి, బస్సు కదులుతున్నప్పుడు ఊపినట్టు నెమ్మదిగా ఊపారు. ఆవిడ పెద్ద కొడుకు మాటలన్నీ ఆవిడకి అర్థమయ్యాయి. ఆ రోజు ఆట మొత్తంలో నాకు స్పష్టంగా గుర్తున్నది అదొక్కటే, ఆ ఎండలో ఆ రుమాలు. స్కోరు అడిగితే చెప్పలేను.

ఆట ముగిసేసరికి మా ఆయనకి గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రావడం లేదు. తిరుగుదారిలో నేను డ్రైవ్ చేశాను. రాష్ట్రం దాటకముందే కారులో ఫోను మోగింది. మా మరిది, తల్లి కోసం నా నంబరుకి చేశాడు. స్పీకర్‌లో పడింది.

"వదినా, అమ్మ ఉందా? రేపు ఎయిర్‌పోర్ట్‌కి నేనే వస్తాను, టైము కనుక్కుందామని. గేమ్ చూశాను. ఇక్కడ ఒక్కణ్ణే టీవీ ముందు నిలబడి బూ అన్నాను, పాప జడుసుకుని ఏడ్చింది. అన్నయ్య పక్కనే ఉన్నాడా?"

మా ఆయన డాష్‌బోర్డు వైపు వంగాడు. నోరు తెరిచాడు. ఏమీ రాలేదు.

"అన్నయ్యా? రేపు వస్తావా? నేను అడగలేదని అమ్మ చెప్పింది. అడుగుతున్నాను. రా అన్నయ్యా."

మా ఆయన గొంతు పట్టుకుని, మొహమంతా ఎర్రబడేలా ప్రయత్నించాడు. అవతల మా మరిది ఆ నిశ్శబ్దం విన్నాడు. "సరేలే" అన్నాడు. "ఇంకా కోపమేనన్నమాట."

"కోపం కాదురా నా తండ్రీ" అని వెనక సీట్లోంచి మా అత్తగారు కేకేశారు. "గొంతు పోయింది వాడికి! ఆ డ్రిల్ మాస్టార్ని తిట్టి తిట్టి గొంతు పోయింది!"

అటు వైపు మా మరిది నవ్వాడో ఏడ్చాడో తెలియలేదు. "ఉప్పునీళ్ళు పుక్కిలించమను వదినా. రేపు పేరు పిలవాలి" అన్నాడు. మా ఆయన నా వైపు తిరిగి, రెక్కలాగా చెయ్యి ఆడించి చూపించాడు. ఫ్లైట్ సంగతి. "క్యాన్సిల్ చెయ్యలేదులే" అన్నాను.

ఉప్పునీళ్ళు పని చెయ్యలేదు. మిరియాల పాలూ పని చెయ్యలేదు. ఆదివారం ఇర్వింగ్‌లో, అమెరికన్ల ఆరాధన అయ్యాక మధ్యాహ్నం తెలుగువాళ్ళకి అద్దెకిచ్చే ఆ చర్చిలో, అన్నదమ్ములిద్దరూ ముందు నిలబడ్డారు. ఎయిర్‌పోర్ట్ నుంచి చర్చి దాకా ఇద్దరూ కారు ముందు సీట్లలో పక్కపక్కనే కూర్చుని వచ్చారు గాని ఒక్క మాట లేదు, ఒకడికి గొంతు లేక, ఇంకొకడికి ఏం మాట్లాడాలో తెలియక. పాస్టరు గారు పాపని ఎత్తుకుని, "ఈ బిడ్డకు ఏం పేరు?" అని మా ఆయన ముందు మైకు పెట్టారు.

మా ఆయన పెదవులు కదిలాయి. మైకులో గాలి వినపడింది. సంఘం ఎదురుచూసింది. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ గాలే. నా పక్కన మా అత్తగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అప్పుడు మా మరిది ఒక అడుగు ముందుకేసి, తల వంచి, అన్న నోటికి చెవి ఆనించాడు. మా ఆయన అతని మెడ మీద చెయ్యి వేసి, చెవిలో చెప్పాడు.

మా మరిది కదల్లేదు. పాస్టరు గారు మైకు అతని వైపు తిప్పి ఎదురుచూస్తున్నారు. అతను కళ్ళు మూసుకుని, చెవి అక్కడే ఉంచి, "మళ్ళీ చెప్పు అన్నయ్యా" అన్నాడు. మొదటిసారే వినపడిందని అతని మొహం చూసి నాకు తెలిసింది.